చెట్టుకు తెలుగు పేరుండరాదా?

నాలుగు పూలకుండీలు, ఒక జారుడుబల్ల, ఒక సిమెంటు ఏనుగు ఉన్న చోటును పార్కు అందాం, పిల్లలను ఆడుకోనిద్దాం. దానితో నాకు వాదం లేదు. కానీ వృక్షశాస్త్ర ఉద్యానమని ద్వారం మీద వ్రాసుకొన్న చోటికి మొదటి ధర్మం చెట్టుకు పేరు చెప్పడం, అదీ చూడవచ్చినవారి భాషలో చెప్పడం.

నేను చూసిన ఒక తోటలో, ఫాల్గుణంలో ఎర్రగా విరబూసిన మోదుగు కింది రేకు మీద లాటిను పేరుంది, ఆంగ్లనామముంది. తెలుగక్షరం ఒక్కటీ లేదు. కోరుట్ల నుండి వసంతయాత్రకు వెళ్లిన పిల్లవాడికి అది తన ఊరి గుట్ట మీది చెట్టేనని ఎవరు చెప్పాలి? వాళ్ల అవ్వ విస్తరి కుట్టింది ఆ ఆకుతోనే. కావ్యాలలో కింశుకమన్నదీ దానినే. ఇల్లు, బడి, అడవి కలియవలసిన చోటు ఆ రేకు. అక్కడే తెగగొట్టాం.

"శాస్త్రానికి లాటినే ప్రమాణం, వాడుక పేర్లు ఊరికొక తీరు" అంటారు. నిజమే. లాటినును చెరిపివేయమన్నదెవరు? దాని కింద మరొక పంక్తి వ్రాయమంటున్నాను. సామర్లకోటలో పనిచేసిన స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్, 1795 నుండి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో తెలుగు పేర్లను నమోదు చేశాడు. సోమిద చెట్టు శాస్త్రనామం సొయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. అందులో మొదటి మాట మన తెలుగు పేరే! లాటిను ఆదరించిన మాటను మన రేకు ఆదరించదా?

పిల్లలకు ఆసక్తి లేదనడమూ తప్పు. సిరిసిల్లలో మగ్గాల ఇంటి పిల్లనడగండి: తంగేడు, గునుగు, కట్ల అని గడగడా చెప్పుతుంది. బతుకమ్మ నేర్పింది. వసంతంలో పూచే బూరుగుకు, ఇప్పకు అటువంటి పండుగ లేదు. ఆ లోటు తీర్చవలసింది తోటలే. 2014లో జమ్మిని రాష్ట్రవృక్షంగా, తంగేడును రాష్ట్రపుష్పంగా ప్రకటించుకొన్న మనకు మిగిలిన చెట్లు పరాయివి కావు గదా!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పెద్ద తోటలు మారేదాకా ఆగవద్దు. బడి ఆవరణలోని వేపకూ కానుగకూ పిల్లల చేతనే పేర్లు వ్రాయించండి. మేకు మాత్రం కొట్టకండి. తాడుతో కట్టండి, చెట్టు లావెక్కినప్పుడల్లా వదులు చేయండి.