షేర్ ఖాన్ పేరిట వెలసిన ఊరిలో

ఉద్యోగ విరమణ తరువాత నాకు మిగిలిన వ్యసనం సినిమా ఒక్కటే. బొబ్బిలికి ఏ కొత్త చిత్రం వచ్చినా మొదటి వారంలోనే చూస్తాను. 2025 జూలైలో పన్నెండేళ్ల మనుమడిని వెంటబెట్టుకొని 'హరిహర వీరమల్లు'కు వెళ్లాను. తెరపై ఔరంగజేబు కనిపించగానే వెనుక వరుసలో ఎవరో ఒక మాట అన్నారు. ఆ మాట ఇక్కడ రాయలేను. "దాదా, మనల్నేనా?" అని అడిగాడు పిల్లవాడు.

ఈ చిత్రానికి మొదట దర్శకుడు క్రిష్. 2010లో 'వేదం' తీసి, అనుమానపు చూపుల కింద నలిగిన రహీముద్దీన్ ఖురేషీని మనిషిగా మనకు చూపించినవాడు కూడా ఆయనే!

ఆ మాట అన్న పెద్దమనిషికి తన ఊరి పేరు ఎలా వచ్చిందో తెలిసివుండదు. పదిహేడవ శతాబ్దంలో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన పెద్దరాయుడు ఇక్కడ కోట కట్టి, తన ప్రభువు పేరులోని 'షేర్'ను, అనగా పులిని, తలచుకొని పెబ్బులి అని పేరు పెట్టాడని గెజెటీర్లు చెబుతున్నాయి. అదే బొబ్బిలి అయింది.

చిన్నతనంలో ఇదే ఊరిలో 'బొబ్బిలి యుద్ధం' చూశాను. 1964 నాటి చిత్రం. అందులో హైదర్ జంగ్ దుష్టుడే. అయితే అతని పక్కనే విజయరామరాజు ఉన్నాడు, ఫ్రెంచి ఫిరంగులతో బుస్సీ ఉన్నాడు. దుర్మార్గం ఏ ఒక్క మతానికీ కట్టబెట్టబడలేదు. ఆట ముగిశాక హాలులో మా వైపు తిరిగి చూసినవారు లేరు.

2024లో వచ్చిన 'రజాకార్' సంగతి వేరు. రజాకార్ల దౌర్జన్యం చరిత్ర, దానిని దాచమని నేననను. కాని 1948 ఆగస్టులో వారి చేతిలో హతుడైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. నిజాంను ఎదిరించిన మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిమే. ఇది తెలిసినవాడు నిజాం పాలన మీద కోపంతో ఇంటికి పోతాడు. తెలియనివాడు పక్కవీధి సైకిలు షాపు సాయిబు మీద కోపంతో పోతాడు. 'ది కేరళ స్టోరీ' వారైతే 32,000 మంది యువతులని ప్రచారం చేసి, నిలదీసిన తరువాత ముగ్గురని దిద్దుకున్నారు. సుప్రీంకోర్టు జోక్యంతో, ఆ అంకెకు ప్రామాణిక ఆధారం లేదన్న ప్రకటన చేర్చవలసి వచ్చింది. జీవితమంతా దస్త్రాలు రాసినవాడిని. ఇంతటి కొట్టివేత ఏ గుమాస్తా చేసినా సస్పెండు ఉత్తర్వు చేతికి వచ్చేది.

మంచి ముస్లిం పాత్రలు లేవా అంటారు. ఉన్నాయి. 2002 నాటి 'ఖడ్గం'లో ప్రకాశ్‌రాజ్ పోషించిన అమ్జాద్ ఉన్నాడు. సొంత తమ్ముడు ఉగ్రవాది అయితే తప్ప ఆ ఆటోడ్రైవరు దేశభక్తి రుజువు కాలేదు! పింఛను కాగితాల కోసం తిరిగే ముస్లిం, కూతురి పెళ్లికి అప్పు చేసే ముస్లిం, ఆదివారం చేపల బేరమాడే ముస్లిం మన తెరకు ఎందుకు పనికిరాడు?

1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 1991లో వెలువడిన మార్గదర్శకాలు, మత సమూహాలను కించపరిచే దృశ్యాలు, మాటలు ఉండరాదని స్పష్టంగా చెబుతున్నాయి. సెన్సారు బోర్డు ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. నేను ఒక లేఖ పంపాను, నకలు దగ్గర ఉంచుకున్నాను. హాలులో బాధపడి ఇంటికి వచ్చి మౌనంగా కూర్చునే పాఠకులు ఒక్కొక్కరూ ఒక్కొక్క లేఖ రాయండి. సన్నివేశం, సంభాషణ, చూసిన తేదీ తప్పక రాయండి. ఆధారం లేని ఫిర్యాదును ఏ గుమాస్తా అయినా ఎలా పక్కన పెడతాడో నాకు బాగా తెలుసు.