ఆ గాజు తలుపు నెట్టి చూద్దాం

ఊరి నుంచి చుట్టాలొస్తే హైదరాబాద్‌లో మనం చేసే మొదటి పని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లడం. పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసా సర్దుకుని, పిల్లల చేతులు పట్టుకుని గదుల్లోంచి ఒకటే పరుగు. గంట కొట్టే బొమ్మ దగ్గరికి టైముకి చేరామా లేదా అన్నదే ధ్యాస. మధ్యలో మేలిముసుగు రెబెకాను చూసి 'అబ్బ, ఇది రాయేనా!' అనుకుంటాం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నారు. ఇంటికొచ్చాక అదీ, గడియారమూ తప్ప ఇంకేదీ గుర్తుండదు. ఎలా ఉంటుంది? మనం చూసింది పిల్లల్నే కదా!

ఇక ఆర్ట్ గ్యాలరీ అంటే అసలు మనకోసం కాదనే అనుకుంటాం. మాదాపూర్‌లో ప్రభుత్వ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. బంజారాహిల్స్‌లో కళాకృతి లాంటి ప్రైవేటు గ్యాలరీలున్నాయి. గాజు తలుపు, ఏసీ, లోపల చడీచప్పుడూ లేని గది... ఎవరైనా 'ఏం కావాలండీ' అంటే ఏం చెప్తాం? చీరల షాపులో వంద చీరలు తీయించి 'మళ్లీ వస్తాం లెండి' అని నిశ్చింతగా లేచొచ్చే మనకి ఇక్కడెందుకో కాళ్లాడవు. నిజానికి ఇలాంటి గ్యాలరీల్లో చాలావాటికి టికెట్టే ఉండదు. కొనాలన్న నిబంధనా లేదు. బొమ్మ పక్కన చీటీ మీద వేసినవారి పేరు, సంవత్సరం, ఏ రంగులతో వేశారు, కొలతలెంత అన్నవి ఉంటాయి. ఎర్ర చుక్క అంటించి ఉంటే అమ్ముడైపోయిందని అర్థం, అంతే.

తోట వైకుంఠం బొమ్మ ముందు నిలబడితే, పెద్ద బొట్టుతో, ముదురు రంగు చీరతో మన మేనత్తే పలకరించినట్టుంటుంది. గోడల మీద ఆడవాళ్ల బొమ్మలకేం కొరత లేదు. ఆడవాళ్లు వేసినవి ఎన్నున్నాయో ఈసారి లెక్కపెట్టండి.

అమృతా షేర్‌గిల్ సంగతే చూడండి. 1930లలో, ఇరవైల్లో ఉన్న ఆ అమ్మాయి తన చిత్రాలను హైదరాబాద్ తెచ్చింది. ప్రపంచమంతటి నుంచీ వస్తువులు పోగేసిన మూడో సాలార్‌జంగ్ వాటిని తిప్పి పంపేశారు! 1941లో ఆమె లాహోర్‌లో కన్నుమూసింది. అప్పటికి 28 ఏళ్లు. 1976లో ప్రభుత్వం ఆమె చిత్రాలను జాతీయ సంపదగా ప్రకటించింది. 1937లో వేసిన 'ది స్టోరీ టెల్లర్' 2023లో వేలంలో 61.8 కోట్ల రూపాయలకు పోయింది. ఢిల్లీ వెళ్లినప్పుడు ఎర్రకోటతో సరిపెట్టకుండా జైపూర్ హౌస్‌లోని నేషనల్ గ్యాలరీకీ వెళ్లండి. ఆమె చిత్రాలు ఎక్కువగా ఉన్నది అక్కడే.

గుడికెళ్తున్నానంటే ఇంట్లో ఎవరూ మారుమాట్లాడరు. బొమ్మలు చూడ్డానికి, అదీ ఒక్కదాన్నే వెళ్తానంటే 'ఏం, పనేం లేదా?' అంటారు. అననివ్వండి. మధ్యాహ్నం రెండు గంటలు, ఒక్క గది, నాలుగు బొమ్మలు చాలు. అర్థం కాకపోతే నష్టమేం లేదు. నచ్చలేదని అనుకునే హక్కూ మనదే.

ఇందుకు మహానగరంలోనే ఉండక్కర్లేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికుమారి కూడా కుంచె పట్టినవారే. ఆ పేర్లు మనలో ఎందరికి తెలుసు? అటువైపు వెళ్తే అడిగి మరీ చూడండి.

అన్నట్టు, సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు. ఈసారి పిల్లల్ని వాళ్ల నాన్న దగ్గర వదిలి వెళ్లండి.