చాకిరీ అమ్మలది, పెత్తనం పెద్దయ్యలదా?

పోస్టు కాస్త పొడుగే, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మన ఎరుకల కాలనీల్లో, యానాది సంఘాల్లో, సుగాలి తండాల్లో చర్చి ఉన్న చోటుకి ఒక ఆదివారం వెళ్ళి చూడండి. చాపల మీద కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరు? ఆడవాళ్ళే. శనివారం ఊడ్చి తుడిచిందీ, ఉపవాస కూడిక నడిపిందీ, జ్వరమొచ్చిన ఇంటికెళ్ళి ప్రార్థన చేసిందీ వాళ్ళే. ఇప్పుడు సంఘ కమిటీ పేర్లు చదవండి. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ అందరూ మగవాళ్ళే. మాకు తెలిసిన కాలనీల్లో ఒకటీ అరా తప్ప అన్నిచోట్లా ఇదే సంగతి.

డబ్బు సంగతీ చూద్దాం. మిరపకోతల్లో ఎండకి నెత్తి మాడి, వేళ్ళు మండి, రాత్రి అన్నం కలుపుకోలేక ఏడ్చే చేతులు ఎవరివి? పత్తి తీతలకి ఆటోల్లో కుక్కుకుని పోయేదెవరు? గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయల తొడిమలు తీసేదెవరు? ఆ కూలీలోంచే దశమభాగం తీసి కొంగున ముడేసుకుని ఆదివారం తెస్తారు. చర్చి స్లాబు ఆ డబ్బుతోనే పడింది. ఆ లెక్క మాత్రం అమ్మలకి ఎవరూ చెప్పరు. అడిగితే "ఆడవాళ్ళకి లెక్కలెందుకు?" అంటారు. డ్వాక్రా గ్రూపులో పొదుపులూ అప్పులూ వాయిదాలూ పైసాతో సహా చూసుకునేది ఈ ఆడవాళ్ళే కదా! బ్యాంకు మేనేజరు నమ్మిన మనిషిని సంఘ పెద్ద ఎందుకు నమ్మడు?

చర్చికి వెళ్ళని మిత్రులు "ఇది మాకెందుకు" అనుకోవద్దు. చాలా కాలనీల్లో మొగుడూ పెళ్ళాల తగాదా ముందు ఈ కమిటీ దగ్గరికే పోతుంది. తాగొచ్చి కొట్టిన మొగుడి మీద ఫిర్యాదు చేస్తే, వినేది నలుగురు మగవాళ్ళు. "సర్దుకుపో అమ్మా, ప్రార్థన చేసుకో" అని పంపేస్తారు. అక్కడ ఒక్క ఆడమనిషి కూర్చుని ఉంటే తీర్పు అలాగే ఉండేదా?

పెద్దలు చెప్పే సమాధానాలు మూడు. ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటిది, "బైబిల్ ఒప్పుకోదు." కొరింథీ, తిమోతి పత్రికల్లో ఆడవాళ్ళు మౌనంగా ఉండాలన్న మాటలు ఉన్నాయి, లేవని మేం అనం. అదే కొరింథీ మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఆడవాళ్ళు ప్రార్థన చేస్తూ, ప్రవచిస్తూ ఉన్నారు. నోరు మూసుకుని ఎవరైనా ప్రవచిస్తారా? రోమా పత్రిక చివరి అధ్యాయంలో ఫీబేని సంఘ పరిచారకురాలంటాడు పౌలు. ఫిలిప్పీ పత్రిక మొదట్లో అధ్యక్షుల పక్కన పరిచారకులు అని ఉంటే అది పదవి అంటారు, ఫీబే దగ్గరికొచ్చేసరికి చాకిరీ అంటారు. ఇదేం న్యాయం? దెబోరా ఇశ్రాయేలుకి న్యాయం తీర్చింది. యేసు లేచాడన్న వార్త మొదట మోసుకెళ్ళింది మగ్దలేనే మరియ. ఆమె చెప్పకుండా ఊరుకుని ఉంటే ఈ పెద్దలకి ఈస్టర్ ఎక్కడిది?

రెండోది, "మన చర్చి ఆచారం కాదు." ఏ చర్చి ఆచారం? 1854 జనవరి 1 తెల్లవారకముందే ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసినవాళ్ళు ఐదుగురు. జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే ఆయన, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. ఈ జిల్లాల బాప్టిస్టు చరిత్ర ఆ ప్రార్థన కొండ నుంచే మొదలైందని ప్రతి పాస్టరూ చెబుతాడు, ఆ ముగ్గురి లెక్క మాత్రం చెప్పడు.

మన స్టువర్టుపురం తీసుకోండి. 1911 చట్టం కింద ఎరుకలవాళ్ళ మీద నేరస్థ జాతి అని ముద్ర వేసి, హాజరు వేయించి, పాసు లేకుండా ఊరు దాటనీయకుండా సెటిల్మెంటులో పెట్టారు. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. ఆ గాయం మనం మర్చిపోలేదు, మర్చిపోం. అయితే ఆ సంస్థను మొదలుపెట్టిన దంపతుల్లో కేథరిన్ బూత్ 1859లోనే ఆడవాళ్ళ ప్రసంగ హక్కు కోసం పుస్తకం రాసింది. ఆమె కూతురు ఇవాంజెలిన్ 1934లో మొత్తం ఆర్మీకి జనరల్ అయింది. నిడుబ్రోలులో, బాపట్లలో ఆసుపత్రులున్నది ఆమె పేరు మీదే. ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్ళు కూడా "ఆడది నాయకత్వమేంటి" అంటే ఏమనాలి?

ఆలస్యం అన్ని చర్చిల్లోనూ జరిగింది. గుంటూరు కేంద్రంగా 1927లో ఏర్పడిన ఏఈఎల్‌సీ ఆడవాళ్ళకి గురు అభిషేకం ఇవ్వటానికి ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా ఆగింది. 1947లో ఏర్పడిన సీఎస్ఐకి మొదటి మహిళా బిషప్ 2013లో వచ్చింది. ఆమె మన తెలుగావిడే, అప్పుడు నంద్యాల బిషప్‌ అయిన పుష్పలలిత గారు. పక్కనున్న నంద్యాలలో బిషప్ కాగలిగితే మన కాలనీలో కమిటీ మెంబరు ఎందుకు కాకూడదు?

మూడోది, "మన కులంలో ఆడవాళ్ళు పెద్దరికం చెయ్యరు." ఈ మాట వింటే నవ్వొస్తుంది. ఎరుక చెప్పిందెవరు? చంకలో బుట్ట, చేతిలో కర్రతో ఊరూరా తిరిగి, గడప గడపకీ మాట చెప్పింది మన నాయనమ్మలే. వెంకటేశ్వరస్వామి కథలో దేవుడు కూడా ఆకాశరాజు ఇంట్లో మాట చెల్లాలంటే ఎరుకలసాని వేషమే కట్టాడు. సోది చెప్పడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఆడమనిషి నోటి మాటని పెద్దకులాల ఇళ్ళు చెవొగ్గి విన్నాయన్నది మాత్రం మన చరిత్ర. ఆ నోరు మూయించింది మన పూర్వీకులు కాదు.

ఇంకొందరు చెవిలో చెబుతున్నారు: "ఇలా రాస్తే మతమార్పిడి అంటూ మన మీద పడేవాళ్ళకి ఆయుధం ఇచ్చినట్టే." ఆయుధం ఇచ్చేది లెక్క అడిగే మనమా, లెక్క చెప్పని పెద్దలా?

మేం అడుగుతున్నవి ఇవి:

1. కమిటీలో సగం స్థానాలు ఆడవాళ్ళకి. మన రాష్ట్రంలో పంచాయతీలోనే సగం ఇచ్చారు. పెద్దల భార్యల పేర్లు రాసి సంతకాలు మొగుళ్ళు పెట్టడం కుదరదు. సంఘంలోని ఆడవాళ్ళే ఎన్నుకోవాలి.

2. కానుకలు లెక్కబెట్టేటప్పుడు ఇద్దరు ఆడవాళ్ళుండాలి. నెలకోసారి జమాఖర్చు అందరి ముందూ చదవాలి.

3. ఆడమనిషి లేకుండా కుటుంబ తగాదా మీద తీర్పు చెప్పకూడదు.

4. పాస్టరమ్మ పనికి పేరూ జీతమూ ఉండాలి. పాస్టరు పోతే నెలలోపు ఇల్లు ఖాళీ చేయమనడం ఆపాలి.

5. చదువుకున్న మన చెల్లెళ్ళని వేదాంత కళాశాలలకి సంఘం ఖర్చుతో పంపాలి. వాళ్ళు వచ్చేలోపు నెలకి ఒక్క ఆదివారమైనా ప్రసంగం ఆడవాళ్ళకివ్వాలి.

సంక్రాంతికి హాస్టళ్ళ నుంచి అందరం ఇళ్ళకొస్తాం. ఎవరి కాలనీలో వాళ్ళు ఈ ఐదూ కాగితం మీద రాసి, అమ్మల చేత సంతకాలు, వేలిముద్రలు పెట్టించి కమిటీకి ఇద్దాం. తమ్ముళ్ళారా, ఇది అక్కల పనిలే అని తప్పుకోవద్దు. మన ఫీజు కట్టింది ఆ మిరపకోతల కూలీతోనే.