పాడేవాడికీ వినబడాలి

మాది కొండాపురం. పోయిన సంవత్సరం తిరునాళ్లలో నా మిత్రుడొకడు శ్రుతి తప్పి పాడాడని ఊరంతా నవ్వింది. పక్కన గిటారు పట్టుకొని నిలబడ్డవాణ్ణి నేనే. వాడి తప్పేమీ లేదని ఆనాడు చెప్పలేకపోయాను, ఈనాడు చెబుతున్నాను.

ఆ రాత్రి స్పీకర్లన్నీ జనం వైపే తిరిగి ఉన్నాయి. నా ఆంప్లిఫయరు నేలమీద ఉంది. హెచ్చు స్థాయి ధ్వనులు టార్చిలైటు వెలుగులా సూటిగా పోతాయి. అవి నా పిక్కలకు తగిలాయే గాని చెవికి రాలేదు. వినబడక నేను శబ్దం పెంచాను. ఆ హోరులో వాడి గొంతు వాడికే వినబడలేదు!

1965లో న్యూయార్కు షే స్టేడియంలో సుమారు 55 వేల మంది ముందు బీటిల్స్ వారికీ ఇదే గతి పట్టింది. కేకల మధ్య తమ పాట తమకే వినబడలేదు.

మందు మాత్రం చవక. ఆంప్లిఫయరు ముందు అంచు కింద రెండు ఇటుకలు పెట్టి, పడిపోకుండా వెనక్కి వాల్చితే చాలు, దాని ముఖం చెవివైపు తిరుగుతుంది. గాయకుడి ముందు నేలమీద మరో స్పీకరు, అతని వైపు ఏటవాలుగా ఉండాలి. మైకు వీపు ఆ స్పీకరు వైపు ఉంటే కూత తగ్గుతుంది.

"జనం వింటే చాలదా?" అంటారు కొందరు. తన గొంతు తానే విననివాడు జనానికి ఏం వినిపిస్తాడండీ?

యూనియన్ మిత్రులారా! పూలదండల ఖర్చు కాస్త తగ్గించి, వేదికమీదికి ఒక స్పీకరు తెప్పించండి. నా మిత్రుడు ఇక పాడనంటున్నాడు. వచ్చే వార్షికోత్సవంలో వాడిచేత పాడించే పూచీ మనది.