జర్మన్ వార్డులో మౌనం మర్యాద అనిపించుకోదు

ఇంట్లో ఒకరికి విదేశంలో ఉద్యోగం వచ్చిందంటే ఏర్పాట్లన్నీ ప్రయాణం చుట్టూనే తిరుగుతాయి. వీసా, టికెట్, చలికోటు, పచ్చళ్లు, కారప్పొడులు. వెళ్లాక రోజుకు ఎనిమిది గంటలు గడపాల్సిన ఆ పనిచోటు గురించి మాత్రం ఒకటే మాట చెప్పి పంపుతాం: ‘ఎవరేమన్నా ఎదురు మాట్లాడకు తల్లీ, సర్దుకుపో.’ ప్రేమతో చెప్పే మాటే అది. కానీ ఇప్పుడు జర్మనీ బాట పడుతున్న మన నర్సులకు ఈ మాటే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం.

2022 డిసెంబరులో భారత్, జర్మనీ వలసలు, ఉద్యోగాల రాకపోకలపై ఒప్పందం చేసుకున్నాయి. నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాల సంఖ్యను 20 వేల నుంచి 90 వేలకు పెంచాలని జర్మనీ నిర్ణయించినట్టు 2024 అక్టోబరులో ప్రకటన వెలువడింది. ముసలివాళ్లు పెరిగి, పనిచేసే చేతులు తగ్గిన ఆ దేశానికి నర్సులు అత్యవసరం. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పి పంపుతోంది. మంచి పనే. అయితే నెలల తరబడి సాగే ఆ శిక్షణంతా భాషా పరీక్ష గట్టెక్కడం మీదే నడుస్తుంది. వార్డులో అడుగుపెట్టాక ఎదురయ్యేది వేరే పరీక్ష.

మొదటి దెబ్బ పని స్వభావం దగ్గరే తగులుతుంది. హైదరాబాద్‌లో ఓ కార్పొరేట్ ఆసుపత్రి స్టాఫ్ నర్సు క్యానులా పెడుతుంది, ఇంజెక్షన్లు ఇస్తుంది, కేస్ షీట్లు రాస్తుంది. పేషెంటుకు ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం, బెడ్‌పాన్ తీయడం ఆయాలో, అటెండెంట్లో, లేదంటే ఇంటివాళ్లో చూసుకుంటారు. జర్మనీలో అవి నర్సు పనులే. క్యానులా పెట్టడం మామూలుగా డాక్టరు పని. దీనికితోడు మన చదువుకు అక్కడి గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి హోదాలో, తక్కువ జీతానికి పనిచేయాలి. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివి ఐసీయూలో అనుభవం గడించిన అమ్మాయికి ఇది ఎంత మనసు నొప్పించే విషయమో వేరే చెప్పాలా? ‘ఇందుకా ఇంత దూరం వచ్చింది’ అనుకుంటుంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ మాట ఎత్తదు.

ఇక్కడ మనం నిజాయతీగా ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. పరాయి మనిషి ఒంటిని శుభ్రం చేయడం తక్కువ పని అనే భావన మన కులవ్యవస్థ నూరిపోసింది. వైద్యశాస్త్రంలో దానికి చోటు లేదు. పొద్దున పేషెంటు ఒళ్లు తుడిచే ఆ పదిహేను నిమిషాల్లో జర్మన్ నర్సు ఏం చేస్తుందో దగ్గరగా చూడండి. నడుము కింద చర్మం ఎర్రబడిందా అని చూస్తుంది. అంటే పుండు మొదలవుతోందన్నమాట. పక్కకు తిరిగేటప్పుడు ఊపిరి ఎలా ఆడుతోంది, నిన్న ఎత్తగలిగిన చెయ్యి ఇవాళ లేస్తోందా, మాట తడబడుతోందా అని గమనిస్తుంది. పేషెంటు తనంతట తాను తుడుచుకోగలిగినంత మేర ఆ మనిషి చేతే తుడిపిస్తుంది. చూసిందంతా రాసిపెడుతుంది. ఇది నర్సింగ్‌లో చిన్న పని కాదు, పునాది. ఈ సంగతి విమానం ఎక్కకముందే చెబితే అవమానం అనిపించేది సగం తగ్గుతుంది.

రెండో దెబ్బ మాట దగ్గర. మన ఆసుపత్రుల్లో డాక్టరు చెప్పింది అర్థం కాకపోయినా తల ఊపడం అలవాటు. మళ్లీ అడిగితే ‘ఆ మాత్రం తెలీదా’ అంటారని భయం. తర్వాత పక్క సిస్టర్‌ని మెల్లగా అడిగి తెలుసుకుంటాం. జర్మన్ వార్డులో షిఫ్టు మారే వేళ హ్యాండోవర్‌లో అర్థమైందని తల ఊపి, తర్వాత మందు మోతాదు తప్పితే ఆ మనిషి మీద నమ్మకం పోతుంది. పదిసార్లు అడిగినవాళ్లను ఎవరూ తప్పుపట్టరని చెప్పను, విసుక్కునేవాళ్లు అక్కడా ఉంటారు. కానీ అడగనివాళ్ల గురించే అక్కడ ఎక్కువ భయపడతారు. తప్పు కనిపిస్తే ముఖం మీదే చెప్పేస్తారు. తీపి కలపరు. చెప్పినవాళ్లే అరగంట తర్వాత కాఫీ తాగుదాం రమ్మంటారు. పై అధికారి కసిరితే నెలలపాటు మనసులో పెట్టుకునే వాతావరణం నుంచి వెళ్లిన మనవాళ్లకు ఆ కాఫీ పిలుపు నిజమేనని నమ్మడానికి చాలాకాలం పడుతుంది.

సెలవు రోజు మోగే ఫోన్ సంగతి చూడండి. ‘ఇవాళ ఒకరు రాలేదు, డ్యూటీకి రాగలవా?’ అని వార్డు నుంచి అడుగుతారు. అది అడగడమే, ఆజ్ఞ కాదు. జర్మన్ సహోద్యోగి ‘కుదరదు’ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తుంది, కారణం కూడా చెప్పదు. మన అమ్మాయి ‘సరే’ అంటుంది. వచ్చే వారం మొదటి ఫోన్ ఎవరికి వెళుతుందో ఊహించడం కష్టం కాదు. జ్వరంతోనే డ్యూటీకి వెళ్లడం మన దగ్గర నిబద్ధత. అక్కడ అది పేషెంట్లకు రోగం అంటించే బాధ్యతారాహిత్యం. ఉద్యోగంలో చేరి నాలుగు వారాలు దాటితే, జబ్బుపడినప్పుడు ఆరు వారాల దాకా యజమాని పూర్తి జీతం ఇవ్వాలన్నది అక్కడి చట్టం. వార్షిక సెలవులో ఉండగా జబ్బుచేసి డాక్టరు సర్టిఫికెట్ చూపితే ఆ రోజులు సెలవు లెక్కలోంచి తీసేస్తారు. 1994 నాటి పనిగంటల చట్టం ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు, సగటు ఎనిమిది దాటకూడదన్న షరతు మీద పది గంటల దాకా పని చేయించవచ్చు. ఇవన్నీ తెలిసి వెళ్లడం వేరు, తెలియక ఒళ్లు హూనం చేసుకోవడం వేరు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ‘యూబర్‌లాస్టుంగ్స్‌అన్‌ట్సైగె’ అనే కాగితం. ఇద్దరు నర్సులు చేయాల్సిన చోట ఒక్కరే ఉండి, పేషెంట్ల ప్రాణాలకు ముప్పు అనిపిస్తే, పనిభారం మోయలేనంత ఉందని నర్సు రాతపూర్వకంగా యాజమాన్యానికి తెలియజేస్తుంది. మన కళ్లకు ఇది పైవాళ్ల మీద ఫిర్యాదులా, తిరుగుబాటులా కనిపిస్తుంది. పనిచోట ప్రమాదం కనిపిస్తే వెంటనే తెలపడం జర్మన్ చట్టంలో ఉద్యోగి విధి. రేపు ఏదైనా జరగరానిది జరిగితే ఆ నర్సుకు అండగా నిలిచేది ఆ కాగితమే. సర్దుకుపోయి నోరు మెదపని నర్సు చేతిలో ఏమీ ఉండదు.

ఎందుకు నోరు మెదపదు? సంస్కృతి ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఇంటి దగ్గర అప్పు ఉంటుంది. మొదటి ఆరు నెలలూ ప్రొబేషన్, రెండు వారాల నోటీసుతో పంపేయొచ్చు. ఉద్యోగం పోతే వీసా ఏమవుతుందోనని గుబులు. అమెరికాలో హెచ్‌-1బీ మీద ఉన్న మన ఐటీ ఉద్యోగి మీటింగ్‌లో నోరు విప్పకపోవడానికీ ఇదే మూలం. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి అతనికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లిన కార్మికుడి సంగతి ఇంకా దారుణం. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు ఖతార్‌లో 2020లో గానీ రాలేదు. భయపడుతున్నవాళ్లను ‘కల్చర్‌కు అలవాటు పడు’ అనడం సులువు. భయానికి కారణం తీసేయడం కష్టం.

అలవాటు పడాల్సింది వచ్చినవాళ్లు మాత్రమే అన్నట్టు మాట్లాడే జర్మన్ ఆసుపత్రులనూ నేను సమర్థించను. తరగతి గదిలో నేర్చుకున్న జర్మన్‌కూ, బవేరియాలో ఎనభై ఏళ్ల రైతు యాసకూ పొంతన ఉండదు. రంగు చూసి ‘నువ్వు ముట్టుకోవద్దు’ అనే పేషెంటు ఎదురైనప్పుడు పక్కన నిలబడాల్సింది వార్డు ఇన్‌చార్జి. మొదటి నెలల్లో వెంట ఉండి నేర్పేందుకు ఒక సీనియర్‌కు డ్యూటీ చార్టులోనే సమయం కేటాయించాలి. అది చేయకుండా ‘వీళ్లు కలవరు’ అనడం అన్యాయం. బ్రేక్ రూములో ఇద్దరు తెలుగువాళ్లు తెలుగులోనే మాట్లాడుకుంటూ కూర్చుంటే మూడో మనిషికి ఇబ్బంది అన్నదీ నిజమే. ఆ కాసేపు వచ్చీరాని జర్మన్‌లోనే మాట కలపడం మనవాళ్లు చేయగలిగినదే.

మన ప్రభుత్వాలు చేయగలిగింది ఇంకా ఉంది. భాషా శిక్షణలో ఒక నెల పూర్తిగా వార్డు జీవితానికి కేటాయించాలి. అక్కడ రెండుమూడేళ్లు పనిచేసిన తెలుగు నర్సులను వీడియోలోనైనా సరే రప్పించి, తెలుగులోనే మాట్లాడించాలి. ‘కుదరదు’, ‘అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’, ‘ఇది రాసి ఇస్తాను’ అనే మాటలను జర్మన్‌లో గట్టిగా అనడం సాధన చేయించాలి. చాలా ఆసుపత్రుల్లో ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధుల మండలి ఉంటుంది, డ్యూటీ చార్టు విషయంలో దాని మాట చెల్లుతుంది, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లూ దాని గడప తొక్కవచ్చు. ఈ విషయం ప్రతి అమ్మాయికీ తెలియాలి. ప్రైవేటు ఏజెంట్ల ద్వారా వెళ్లేవాళ్లకు కూడా ఈ శిక్షణ తలుపులు తెరవాలి, ఎందుకంటే నిలువునా మోసపోయే ప్రమాదం ఎక్కువ ఉన్నది వాళ్లకే. ‘మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలి’ అనే షరతు కాంట్రాక్టులో ఎన్నో పేజీలో ఉందో, ఎంత కట్టాలో, ఎన్నాళ్ల దాకా వర్తిస్తుందో సంతకం పెట్టకముందే నర్సు పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించే మనిషి జిల్లాకు ఒక్కరైనా ఉండాలి.