ఓడరేవులో మూగనోము



సినిమా సంగతి మన పత్రికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. 1954లో అమెరికాలో విడుదలైన 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' అను చిత్రము న్యూయార్కు రేవు కూలీల కష్టములలోనుండి పుట్టినది. కనుక ఈ నెల దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ రోజులలో కూలీలు ప్రతి ఉదయము రేవు వద్ద గుంపుగా నిలిచేవారు. మేస్త్రీ ఎన్నుకొన్నవానికే ఆ పూట పని. చాలాచోట్ల కూలిలో కొంత ముడుపుగా తిరిగి ఇచ్చువారికే ఆ పని దొరికేది. కూలీల మేలు కోరవలసిన సంఘము కొన్ని రేవులలో రౌడీల చేత చిక్కినది. మాల్కం జాన్సన్ అను విలేఖరి 1948లో 'న్యూయార్క్ సన్' పత్రికలో ఈ అన్యాయములను వరుసగా వ్రాసి, 1949లో పులిట్జర్ బహుమానము పొందెను. జాన్ కారిడన్ అను కాథలిక్ గురువు కూలీల పక్షమున నిలిచెను. చిత్రములోని ఫాదర్ బ్యారీ పాత్రకు ఆయనే ఆధారము.

కథలో, సాక్ష్యమియ్య సిద్ధపడిన జోయి అను యువకుని మేడమీదనుండి త్రోసి చంపుదురు. ఎవరి పనియో రేవంతటికీ తెలియును, నోరు విప్పువాడు లేడు. కావలసివస్తే నేను గుడిలోనే ఉందునని ఫాదర్ బ్యారీ చెప్పగా, పరిశుద్ధులెవరైనా గుడిలో దాగియుండిరా అని జోయి తోబుట్టువు ఈడీ నిలదీయును. ఆ మాటే ఆయనను రేవుకు నడిపించినది.

ఆయన ప్రోత్సాహముతో డూగన్ అను కూలీ సాక్ష్యమునకు ఒప్పుకొనును. ఓడ అడుగున అతనిమీద సరుకు పెట్టెలు పడవేసి చంపుదురు. పైనుండి చెత్త విసరుచున్నను, ఫాదర్ ఆ శవము ప్రక్కనే నిలిచి ప్రసంగించును. క్రీస్తు ఈ కూలీల నడుమనే ఉన్నాడనియు, తెలిసియు ఊరకుండువారు ఈ హత్యలో పాలివారనియు ఆయన బోధ.

జోయిని మేడమీదికి రప్పించినవాడు టెర్రీ అను పాత బాక్సరు. చంపుదురని అతడెరుగడు. ఎరిగిన తరువాత మనస్సాక్షి అతనిని ఊరకుండనియ్యదు. తన అన్నను కూడ చంపగా, తుపాకి పట్టి బయలుదేరును. పగ తీర్చుకొనవద్దు, విచారణలో సత్యము పలుకుమని ఫాదర్ అడ్డగించును. టెర్రీ పలుకును. మరుక్షణమే స్నేహితులు ముఖము త్రిప్పుకొందురు. అతడు ప్రేమతో పెంచిన పావురములను, అతనిని ఆరాధించిన పిల్లవాడే చంపివేయును.

దర్శకుడు ఎలియా కజాన్ 1952లో ప్రతినిధుల సభ కమిటీ ఎదుట తన పూర్వపు కమ్యూనిస్టు సహచరుల పేర్లు చెప్పినవాడు. తన్ను సమర్థించుకొనుటకే ఈ చిత్రము తీసెనని పలువురు విమర్శించిరి. ఆ విమర్శను త్రోసివేయలేము. బలవంతుని ఎదుట బలహీనుని పక్షమున పలుకుట ఒకటి, బలవంతునికి తోటివారిని అప్పగించుట వేరొకటి. మన మాట ఎవరిని విడిపించును, ఎవరిని పట్టియిచ్చును అని నోరు తెరువకముందే అడుగుకొనవలెను.

ఈ చిత్రమునకు 1955లో 8 ఆస్కార్ బహుమానములు వచ్చినవి. మనకు మిగులు పాఠము మరియొకటి. సత్యము చెప్పుమని బోధించుట సులువు. చెప్పినవానికి మరునాడు పని పోవును, పలుకరించువారు కరవగుదురు. ఫాదర్ బ్యారీ మరునాడు కూడ రేవులోనే ఉన్నాడు. మన ఊరిలో ఒక కూలీ మేస్త్రీ మోసమును, ఒక విధవరాలు తన భూమి అన్యాయమును బయటపెట్టినప్పుడు, ఆ సాయంకాలము వారి గడప త్రొక్కువారము మనమేనా?