ఫార్మాట్ వీరులకో దండం!

మొన్న బూర్గంపాడు వెళ్తే బాబాయి పాత ఎక్స్‌పీ డబ్బా ముందు దిగాలుగా కూర్చున్నాడు. విండోస్ మళ్ళీ ఎక్కించాక పాత మై డాక్యుమెంట్స్ నొక్కితే "యాక్సెస్ ఈజ్ డినైడ్"! షాపువాడు "వైరసండీ, ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నాడట. పోయిన పిన్ని ఫోటోలన్నీ అందులోనే.

వైరసూ లేదు, బొందా లేదు. పేరూ పాస్‌వర్డూ పాతవే పెట్టినా కొత్త విండోస్ మీకు కొత్త ఎస్ఐడీ ఇస్తుంది. ఫోల్డరు మాత్రం పాత నంబరునే యజమాని అనుకుంటుంది. 2014లో ఈ మండలంలో కొన్ని ఊళ్ళు ఆంధ్రలో కలవలా? ఇళ్ళు కదల్లేదు, కచేరీ మారింది. ఇదీ అంతే.

సేఫ్ మోడ్‌లో అడ్మినిస్ట్రేటరుగా వెళ్ళి, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, ఓనర్. యాజమాన్యం తీసుకుంటే తెరుచుకుంది. (హోమ్ ఎడిషన్‌లో ఆ ట్యాబు మామూలుగా కనపడనే కనపడదు, అదో ఘనకార్యం.) ఎన్‌క్రిప్ట్ చేసుంటే నేనూ చేతులెత్తేసేవాణ్ణే. కానీ చూడకుండానే చెరిపేద్దామనడానికి నోరెలా వస్తుందండీ? ఆ ఫోటోలు మళ్ళీ ఎవడు తీస్తాడు?